పగబట్టడం వేరు, కక్షగట్టడం వేరు

ప్రశ్న: నేను సరదాగా ఒక ఇంగ్లీషు కథను తెలుగు చేస్తున్నాను. అందులో ఇద్దరు అక్కాచెల్లెళ్లు తల్లి నగల దగ్గర మాటామాటా అనుకుని, ఇరవై ఏళ్లుగా ఎడమొహం పెడమొహంగా ఉంటారు. చెల్లెలి లోపల ఏళ్ల తరబడి మిగిలిపోయిన ఆ చేదుకు తెలుగు మాట కోసం నిఘంటువు తెరిస్తే పగ, కక్ష, వైరం, ద్వేషం అని వరసగా కనిపించాయి. "అక్క మీద ఆమెకు పగ ఉంది" అని రాశాను. మావారు చదివి, "అయితే చివర్లో కత్తి తీస్తుందా?" అన్నారు. ఏ మాట వాడాలి?

జవాబు: మీవారికి నా నమస్కారం చెప్పండి. కత్తి మాట సరిగ్గా పట్టుకున్నారు. నిఘంటువు మాటల్ని పక్కపక్కన కూర్చోబెడుతుంది కానీ, ఏది ఎవరింటికి వెళ్లి రాగలదో చెప్పదు.

పగ అచ్చతెలుగు మాట. తమిళంలో పగై, మలయాళంలో పక, కన్నడంలో హగె. మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి అయినట్టే మన పగ అక్కడ హగె అయింది. అంటే ఇది మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే! అందుకేనేమో దానికంత బరువు. పగకు వెనక జరిగిన నష్టం ఉంటుంది, ముందు తీరవలసిన బాకీ ఉంటుంది. పగ తీరాలి, లేదా చల్లారాలి. ఈ రెండూ కాకుండా ఊరికే ఉండే పగను తెలుగువాడు ఊహించుకోలేడు. అయినా ఎంత కష్టంలో ఉన్నవాళ్లయినా "ఈ బాధ పగవాడికి కూడా రాకూడదు" అంటారు చూడండి. పగవాడు ఉన్నాడని ఒప్పుకుంటూనే వాడికి మేలు కోరడం ఆ మాటలో నాకు నచ్చే సంగతి.

పగకూ కక్షకూ తేడా తెలుసుకోవడానికి డెస్కులో కొత్తగా చేరిన పిల్లలకు నేను ఒక పాము పరీక్ష పెట్టేదాన్ని. (ఒక దినపత్రికలో మొదట ప్రూఫులు దిద్దుతూ, తర్వాత సబ్ ఎడిటర్‌గా నా ఉద్యోగమంతా గడిచింది.) "పాము పగబట్టింది" అంటాం. "పాము కక్షగట్టింది" అని ఎవరైనా అంటారా? అనరు. పామూ పగా మన నోట్లో అంత దగ్గరి చుట్టాలు. తిక్కన ఉద్యోగపర్వంలో ధర్మరాజు కూడా ఆ మాటే అంటాడు. పగ పెట్టుకుని బతకడమంటే పామున్న ఇంట్లో కాపురం ఉండటమేనని, మనసుకు ఊరట ఉండదు కనక దీర్ఘవైరం వద్దని. పగతో పగ అణుగుతుందా అని అక్కడే అడుగుతాడు. యుద్ధానికి ముందు అడిగాడు పాపం.

మరి పాము నిజంగానే పగబడుతుందా అంటే, ఆదిపర్వంలో కథ తిరగబడి ఉంటుంది. ఉదంకుడు గురుపత్నికి ఇవ్వడానికి కుండలాలు తెస్తుంటే తక్షకుడు ఎత్తుకుపోయాడు. ఉదంకుడు నాగలోకం దాకా వెళ్లి, సర్పాలను స్తుతించి, వాటిని తిరిగి సంపాదించి, గడువులోగా గురుపత్ని చేతిలో పెట్టాడు కూడా. పోయిన వస్తువు దొరికింది, పని అయింది. అయినా ఊరుకున్నాడా? నేరుగా జనమేజయుడి దగ్గరికి వెళ్లి, "మీ తండ్రి పరీక్షిత్తును చంపింది ఆ తక్షకుడే" అని ఎగదోసి సర్పయాగం మొదలుపెట్టించాడు. కుండలాలు పోయినందుకు సర్పజాతి మొత్తం! ఇక్కడ పగబట్టింది పామా, మనిషా? పని తీరినా తీరని చేదు అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఉదంకుడే. వస్తువు తిరిగొచ్చాక కూడా మిగిలిపోయేదే అసలైన పగ.

ఇక కక్ష. నా చెవికి ఇది చేతిలో ఎంతోకొంత అధికారం ఉన్నవాడి మాట. ఆఫీసరు గుమస్తా మీద కక్షగడతాడు, అత్త కోడలి మీద కక్షగడుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా, లేనివాళ్లు "ఇది కక్షసాధింపు" అంటారు. గుమస్తాకు ఆఫీసరు మీద కక్ష ఉందంటే వాక్యం కాస్త కుంటుతుంది. అతనికి ఉండేది అక్కసు. అక్కసు వెళ్లగక్కడానికే తప్ప సాధించడానికి పనికిరాదు. ఉక్రోషం మరీ బీదది, కళ్లలో నీళ్లయి పోతుంది. ఒకే మంట మనిషి స్తోమతును బట్టి పేరు మార్చుకుంటుందన్నమాట.

కక్షను "కట్టడం" ఏమిటి అని మీకెప్పుడైనా అనిపించిందా? సంస్కృతంలో కక్ష అంటే చంక, నడికట్టు, గది, ఇంకా చాలా ఉన్నాయి. పోటీ అనే అర్థమూ ఉంది. ఈ మాట జనం నోట్లో పడి కచ్చ అయింది. లక్ష లచ్చ అయినట్టు, లక్ష్మి లచ్చిమి అయినట్టు. "వాడు నా మీద కచ్చ పెట్టుకున్నాడు" అని ఇప్పటికీ అంటారు. కచ్చ అంటే వెనక్కి దోపుకునే పంచె కొంగు కూడా. పనికి దిగేవాడు ఏం చేస్తాడు? కచ్చ బిగిస్తాడు, నడుం కడతాడు. ఎదుటివాణ్ని పడగొట్టడానికి నడుం బిగించడమే కక్షగట్టడం అయిందని నా ఊహ. పండితులు ఒప్పుకోకపోతే నా మీద కక్షగట్టకండి.

ఇప్పుడు మీ అక్కాచెల్లెళ్ల దగ్గరికి వద్దాం. వాళ్లది పగ కాదు, కక్ష కాదు. అలక అసలే కాదు. అలక్కి బతిమాలేవాళ్లు ఉండాలి, సాయంత్రానికి తీరాలి. ఇంగ్లీషువాడు దీన్ని నాలుకతో చెప్పి చేదు అన్నాడు. తెలుగులో చేదు అనుభవం ఉంది, చేదు నిజం ఉంది. మనిషి మీద ఉండే చేదు మాత్రం అతకదు. మనం దాన్ని నిప్పుతో చెబుతాం: కడుపుమంట, రగలడం, చల్లారడం, నివురుగప్పడం. రుచితో చెప్పవలసి వస్తే కారంతో చెబుతాం. "కారాలూ మిరియాలూ నూరుతోంది" అంటే ఆ పూట కోపం, ఇరవై ఏళ్లది కాదు.

మీకు కావలసింది "మనసు విరిగింది". వేమన ఇనుముతో పోల్చాడు. ఇనుము విరిగితే రెండుమూడుసార్లయినా కాచి అతకవచ్చు, మనసు విరిగితే అతకలేమన్నాడు. నాకైతే ఈ మాట వింటే పాలు గుర్తొస్తాయి. పాలూ విరుగుతాయి. చప్పుడు ఉండదు, చూడటానికి గిన్నె గిన్నెలాగే ఉంటుంది, మూత తీస్తేనే తెలుస్తుంది. చెల్లెలి లోపలిది చెప్పాలంటే "అక్క మీద ఆమెకు మనసు విరిగిపోయింది" అనండి. బయటిది చెప్పాలంటే ఇంకా తేలిక. "ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా మాటల్లేవు." తెలుగిళ్లలో ఇంతకంటే పెద్ద మాట అక్కర్లేదు. మాటల్లేవు అన్నాక వినేవాళ్లు "ఎందుకు?" అని అడగరు. "ఎప్పటినుంచి?" అని అడుగుతారు.

మా ఇంట్లో ఆ లెక్క పదకొండేళ్లు. మా నానమ్మకూ ఆవిడ తోడికోడలికీ, అంటే మా చిన్న నానమ్మకూ, ఒక ఇత్తడి గంగాళం దగ్గర చెడింది. చిన్న నానమ్మ వాళ్లమ్మాయి పెళ్లికని గంగాళం పట్టుకెళ్లింది. తిరిగొచ్చేసరికి అంచు కింద అరచేయంత సొట్ట. "సొట్ట పడిందే?" అంది నానమ్మ. "అది ముందే ఉంది" అంది చిన్న నానమ్మ. అంతే. పక్కపక్క ఇళ్లు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ పదకొండేళ్లూ నానమ్మ నోట ఆమె పేరు రాలేదు, "ఆ ఇంటావిడ" అనేది. "ఆ ఇంటావిడకి జ్వరం తగ్గిందేమో కనుక్కునిరా, నేనడిగానని చెప్పకు" అని నన్ను పంపేది. దీన్ని పగ అందామా? పగవాళ్ల జ్వరం ఎవరు కనుక్కుంటారు? నిఘంటువులో నానమ్మకు సరిపోయే మాట నాకింతవరకు దొరకలేదు.

ప్రశ్న: "ఉపగ్రహం కక్షలోకి చేరింది" అని పత్రికల్లో చూస్తుంటాను. కక్ష్య అని కదా ఉండాలి? కక్ష తప్పు కాదా?

జవాబు: నా పాత గాయాన్ని కెలికారు. 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ అంగారకుణ్ని చేరింది. ఆ రాత్రి డెస్కులో ఒక కుర్రాడు "అంగారకుడి కక్షలో మనవాడు" అని శీర్షిక కట్టి చూపించాడు. నేను ఎర్ర కలం తీసి య వత్తు పెట్టి, "అంగారకుడికి మన మీద కక్ష ఎందుకు నాయనా, మనమేం చేశాం?" అన్నాను. అందరూ నవ్వారు. మా డెస్కులోనే సంస్కృతం చదువుకున్న పెద్దాయన ఒకరుండేవారు. ఆయన మాత్రం నవ్వకుండా, "సూర్యసిద్ధాంతంలో గ్రహం తిరిగే దారిని కక్షా అనే అంటారమ్మా" అన్నారు. కుర్రాడి మొహం వెలిగింది, నాది మాడింది.

కాబట్టి పుట్టుక చూస్తే కక్ష తప్పు కాదు. సంస్కృతంలో కక్షా, కక్ష్యా రెండూ ఆ అర్థంలో ఉన్నాయి. తెలుగులో మనం ఆస్తి పంచుకున్నట్టు పంచుకున్నాం: మనుషులకు కక్ష, గ్రహాలకు కక్ష్య. పంపకం అయిపోయాక మళ్లీ కలపడం ఎందుకు? కక్ష్య అనే రాయండి. చదివేవాడు ఒక్క క్షణం కూడా తడబడకూడదు.

ఇదే మాట హిందీలోకి వెళ్లి బడికి చేరింది, అక్కడ కక్షా అంటే తరగతి. మా అక్క మనవడు హిందీ పాఠం వల్లెవేస్తూ "మేరీ కక్షా మే చాలీస్ ఛాత్ర్ హై" అంటే, పక్కనే బియ్యం ఏరుతున్న వాళ్ల ముత్తవ్వ "ఎవరి మీదరా నీకు కక్ష?" అని కంగారుపడింది. కోర్టులో కక్షిదారుడు ఉన్నాడు. కక్షి అంటే వ్యాజ్యంలో ఒక పక్షం, దార్ అనే తోక పారసీది. నిజానికి కక్షిదారుడికి కక్ష ఉండాలని నియమం లేదు, వకీలుకు ఫీజు కట్టి ఉంటే చాలు.

ప్రశ్న: "కక్షలూ కార్పణ్యాలూ" అంటారు. కార్పణ్యం అంటే పిసినారితనం అని మా తెలుగు మాస్టారు చెప్పినట్టు గుర్తు. కక్షకూ పిసినారితనానికీ ఏమిటి సంబంధం?

జవాబు: మాస్టారు చెప్పింది నిజమే. కృపణుడి గుణం కార్పణ్యం. కృపణుడంటే లోభి, దీనుడు అని కూడా. భగవద్గీత రెండో అధ్యాయంలో అర్జునుడు "కార్పణ్యదోషం వల్ల నా స్వభావం దెబ్బతింది" అని కృష్ణుడికి మొరపెట్టుకున్నప్పుడు ఆ మాటకు దైన్యం అని అర్థం. అర్జునుడికి అక్కడ ఎవరి మీదా కక్ష లేదు, అదే కదా అసలు చిక్కు!

మరి మనకెలా మారింది? ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. కార్పణ్యం కక్ష పక్కన చేరి ఎన్నేళ్లయిందో, కక్ష గుణమే దానికీ పట్టింది. తెలుగుకు జంటమాటల మీద మోజెక్కువ. చెట్టూ చేమా, గొడ్డూ గోదా, పిల్లా జెల్లా. ఇందులో రెండోది ఒంటరిగా బయటికి రాదు. కార్పణ్యమూ అంతే. "నాకు వాడి మీద కార్పణ్యం లేదు" అని అప్పుడప్పుడు సభల్లో వింటాను, మాట బాగుంటుంది కానీ మాట్లాడేది మైకు ముందు అని తెలిసిపోతుంది. రెండు క-లు కలిస్తే వచ్చే ఆ కటకట చప్పుడు కూడా జంట నిలవడానికి ఒక కారణమని నా అనుమానం.

ప్రశ్న: కసి మంచిదా, చెడ్డదా? "కసిగా చదివి ర్యాంకు తెచ్చుకున్నాడు" అని రాస్తే మా పత్రికలో కొట్టేశారు.

జవాబు: కొట్టేసినవారు కొంచెం పాతకాలం వారై ఉంటారు. "కసితీరా కొట్టాడు" అన్నచోట చెడ్డదే. కానీ ఈ కుటుంబంలో బయటికెళ్లి నాలుగు డబ్బులు సంపాదించుకొచ్చింది కసి ఒక్కటే. పగగా చదవలేం, కక్షగా ఆడలేం, కసిగా చదవొచ్చు, కసిగా ఆడొచ్చు. ఎవరో అన్న మాట గుచ్చుకుంటేనే కసి పుడుతుంది, పుట్టాక అది తన మీదికే తిరిగి పని చేయిస్తుంది. నేనైతే ఆ వాక్యం ఉంచేదాన్ని.

ప్రశ్న: మనస్పర్థలా, మనస్పర్ధలా?

జవాబు: స్పర్ధ అంటే పోటీ. ధ పొట్టలో చుక్క ఉండదు, థ పొట్టలో ఉంటుంది. మనస్పర్ధలు అని రాయండి. ఆ చుక్కలు చెరిపీ చెరిపీ నాకూ కంపోజింగు విభాగానికీ కొన్నాళ్లు అవే వచ్చాయి.

ప్రశ్న: పగ, కక్ష, కసి, వైరం... ఇన్ని ఉన్నాయే, అవి పోవడానికి తెలుగులో మాటే లేదా? క్షమ సంస్కృతం, మాఫీ ఉర్దూ, సారీ సరేసరి.

జవాబు: ఉంది, కానీ అది ఒక్క మాటగా ఉండదు. మనవాళ్లు ఎలా అంటారో చూడండి. ఇంటికొచ్చిన చుట్టాలను సాగనంపుతూ "ఏమైనా పొరపాటు జరిగితే మనసులో పెట్టుకోకండి" అంటారు. వియ్యపురాలితో పెళ్లికూతురి తల్లి "చిన్నపిల్ల, తెలిసీ తెలియక ఏదైనా చేస్తే కడుపులో పెట్టుకోండి వదినగారూ" అంటుంది. ఒకచోట పెట్టుకోవద్దు, ఇంకోచోట పెట్టుకోండి. మనసులో పెట్టుకుంటే కక్ష, కడుపులో పెట్టుకుంటే క్షమ! ఎందుకంటారు? మనసులో పడింది అలాగే ఉంటుంది. కడుపులో పడింది అరుగుతుంది. పైగా అమ్మ బిడ్డను పెట్టుకునేది కూడా అక్కడే. ఇంత సంగతిని ఏ వ్యాకరణం చెప్పకుండానే మన ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి చెప్పేస్తారు. (కడుపుమంట మాటేమిటని మీరు అడగబోతున్నారు. అరగనివాళ్లకు మంట రాదూ!)

పగ చల్లారడం, రాజీ పడటం, సర్దుకోవడం కూడా ఉన్నాయి. రాజీకి పెద్దమనుషులు కావాలి. సర్దుకోవడానికి ఎవరో ఒకరు తగ్గాలి. నాకు బాగా ఇష్టమైనది మాత్రం "మాటలు కలిశాయి". ఎవరు తగ్గారో, ఎవరు నెగ్గారో అందులో తేలదు. ఎవరూ వెళ్లి కలపలేదు, వాటంతటవే కలిశాయన్నట్టు ఉంటుంది.

మా నానమ్మ విషయంలో అలాగే జరిగింది. ఒక వేసవి మధ్యాహ్నం చిన్న నానమ్మ తన డాబా మీద వడియాలు పెట్టి, గుడికో ఎక్కడికో వెళ్లింది. ఉన్నట్టుండి మబ్బు పట్టింది. నానమ్మ మా డాబా మీద నిలబడి ఆకాశాన్ని చూసింది, ఆ గుడ్డను చూసింది, మళ్లీ ఆకాశాన్ని చూసింది. అప్పుడే వీధి మలుపులో చిన్న నానమ్మ తాపీగా నడిచి వస్తోంది. నానమ్మ పిట్టగోడ మీదకు వంగి వీధంతా దద్దరిల్లేలా అరిచింది.

"ఏమే, వడియాలు తడుస్తున్నాయే! పరిగెత్తవే!"

చిన్న నానమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. ఆ రాత్రి తాతయ్య "మాటలు కలిసినట్టున్నాయే" అంటే, "కలవడం ఏంటి, వాన వస్తోందని చెప్పాను" అంది నానమ్మ. మర్నాటి నుంచి గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరిగాయి. పదకొండేళ్ల సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆ గంగాళం ఇప్పుడు మా ఇంట్లో ఉంది, మొక్కలకు నీళ్లు పడుతున్నాను. సొట్ట అలాగే ఉంది. నానమ్మ పోయే ముందు నెలలో ఒకరోజు దాన్ని వేలితో తడిమి, నా చెవి దగ్గరికి వచ్చి చిన్నగా అంది: "ముందు లేదే ఇది."